పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం ఎలా?

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా కంప్యూటర్ సామాన్లు అమ్మే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాదాపు వంద కిలోమీటర్లు. అంత దూరం పోయి తెచ్చిన ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములను నడిపే మెమరీ కార్డు, ల్యాప్‌టాప్‌కు సరిపడకపోతే ఛార్జీలు దండగ. అందుకే బిగించడం కన్నా కొనేముందు చూసుకోవడమే పెద్ద పని.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మీరు రోజూ వాడేవన్నీ తెరిచి ఉంచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. అది 90 శాతం దాటుతుంటే ర్యామ్ అవసరమే. మెమరీ ఖాళీగానే ఉండి, డిస్క్ మాత్రం 100 దగ్గర ఆగిపోతుంటే ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) కొనుక్కోండి. ర్యామ్ కార్డులు పెట్టే స్లాట్లు ఎన్ని ఉన్నాయో కూడా ఆ మెమరీ పేజీలోనే కనిపిస్తుంది. విండోస్ 32 బిట్‌దైతే 4 జీబీకి మించి పెట్టినా ఉపయోగం లేదు.

తర్వాత ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, ఊడదీసే వీలుంటే బ్యాటరీ కూడా తీయండి. పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. వెనక మూత స్క్రూలు విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేలా వరసగా పెట్టుకోండి. కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంటారు. వేరే స్లాట్ లేకపోతే ఇక మూత బిగించేయడమే.

పాత ర్యామ్ కార్డు మీది స్టిక్కర్‌ను ఫోటో తీసి షాపులో చూపించండి. దాని మీద పీసీ4 అని ఉంటే డీడీఆర్4 రకం ర్యామ్, పీసీ3 అని ఉంటే డీడీఆర్3 రకం. వీటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు. అసలు చిక్కు పీసీ3, పీసీ3ఎల్‌ల మధ్య. రెండూ చూడటానికి ఒకటే, స్లాట్‌లోనూ చక్కగా కూర్చుంటాయి. కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులకూ పనిచేసేది. ఎల్ అని ఉన్నచోట మామూలుది పెడితే చాలా ల్యాప్‌టాప్‌లు ఆన్ కావు. షాపువాళ్లు ‘రెండూ ఒకటేనండీ’ అంటే ఒప్పుకోకండి.

ఇక బిగింపు. ఎండాకాలం పొడి గాలిలో, పాలిస్టర్ దుప్పటి మీద ఈ పని వద్దు. స్థిరవిద్యుత్తు చిప్‌లను పాడుచేయగలదు. బల్ల మీద పెట్టుకుని, ముందు ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకోండి. లోపలి దుమ్మును మెత్తని బ్రష్‌తో తుడవండి. రెండు పక్కల క్లిప్పులను బయటికి నెడితే పాత కార్డు పైకి లేస్తుంది. కొత్తదాన్ని అంచులు పట్టుకుని, గాటు చూసి, ఏటవాలుగా లోపలికి నెట్టి కిందికి వంచండి. టక్కుమని క్లిప్పులు పడాలి. బంగారు రంగు గీతలు ఎక్కువగా బయటికి కనిపిస్తుంటే సరిగా కూర్చోలేదన్నమాట.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగా ఉండవచ్చు. ఎంతకీ రాకపోతే కార్డు తీసి మళ్లీ పెట్టండి. వచ్చాక విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్‌ను ఒకసారి నడపండి. తప్పులు చూపిస్తే బిల్లుతో సహా షాపుకు వెళ్లి మార్చుకోండి.