ఎండకు కారు బానెట్ రంగు పోకుండా కాపాడుకోవడం ఎలా?

ఆరుబయట పెట్టే ఏడెనిమిదేళ్ల కారును ఒకసారి గమనించండి. తలుపులు నిగనిగలాడుతూనే ఉంటాయి. బానెట్, పైకప్పు మాత్రం వెలిసిపోయి, తెల్లటి మచ్చలు పడి, పొలుసులు లేస్తుంటాయి. చాలామంది దీన్ని ఇంజిన్ వేడి మీదకు నెట్టేస్తారు. అది పొరపాటు. ఫ్యాక్టరీలో ఆ రంగును దాదాపు 140 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఉంచి గట్టిపరుస్తారు. బానెట్‌కు తగిలే ఇంజిన్ వేడి అంతకు చాలా తక్కువ. రంగును తినేది ఎండ. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు తలుపులను ఏటవాలుగా తాకే కిరణాలు బానెట్ మీద నేరుగా పడతాయి. వాటిలోని అతినీలలోహిత కిరణాలు రంగు మీద ఉండే పారదర్శకపు పొరను, అంటే క్లియర్ కోట్‌ను, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా విరగ్గొడతాయి. వేడి ఆ పనిని తొందరపెడుతుంది. ఆ పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలుచన. మనం కాపాడుకోవలసింది దాన్నే.

కావలసినవి: రెండు బకెట్లు, కారు షాంపూ, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, పూత రాయడానికి ఒక స్పాంజి మెత్త, ఒక సీసా పాలిమర్ సీలెంట్ (రంగు మీద రక్షణగా రాసే కృత్రిమ పూత ఇదే). గిన్నెలు తోమే ద్రవం వద్దు, అది పాత పూతను కూడా ఊడ్చేస్తుంది. కొబ్బరినూనె, డీజిల్ రాసి మెరిపించే అలవాటు ఉంటే ఈరోజే మానుకోండి. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని, తర్వాతి తుడుపులో గరుకు కాగితంలా గీస్తుంది.

1. నీడ చూసుకోండి

ఏ పూత అయినా నీడ తర్వాతే. మధ్యాహ్నం దాటాక భవనానికి తూర్పు వైపున నీడ పడుతుంది, ఆఫీసులో కారును అక్కడ పెట్టండి. చెట్టు నీడ మంచిదే కానీ, కొమ్మల మీద పక్షులు చేరే చెట్టయితే వద్దు. కవర్ వేస్తే గుడ్డ కవరే వేయండి, అదీ కడిగిన కారు మీదే. దుమ్ము పట్టిన కారు మీద కవర్ లాగితే గాలికి అది అటూ ఇటూ కదులుతూ రోజంతా రుద్దుతూనే ఉంటుంది.

2. కడగండి

ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండో దానిలో గుడ్డ జాడించే నీళ్లు. ముందు నీళ్లు పోసి దుమ్ము దిగనివ్వండి, తర్వాతే గుడ్డ తాకించండి. అపార్ట్‌మెంట్లలో రోజూ తెల్లవారుజామున ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిపిస్తుంటారు. పదో కారుకు అందేది బురదే.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఆర్వో యంత్రం బయటకు వదిలే నీళ్లు వృథా ఎందుకని వాటితో కారు కడుగుతారు. ఆ నీళ్లలో బోరు నీటిలోని లవణాలే మరింత చిక్కగా ఉంటాయి. వేడి బానెట్ మీద అవి ఆరిపోయాయంటే ప్రతి చుక్కా ఒక తెల్లటి వలయమై అంటుకుపోతుంది. ఆ నీళ్లతో చక్రాలు కడగండి, నేల కడగండి. బానెట్‌కు మాత్రం మునిసిపల్ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. ఏ నీళ్లయినా వాటంతట అవి ఆరేదాకా ఆగకుండా వెంటనే పొడి గుడ్డతో అద్దండి.

3. తడిమి చూడండి

పలుచటి పాలిథిన్ సంచిని చేతికి తొడుక్కుని, ఆరిన బానెట్ మీద వేళ్లు మెల్లగా జరపండి. ఒట్టి చేతికి తెలియని గరుకు సంచిలోంచి తెలుస్తుంది. గరుకుగా ఉంటే క్లే బార్‌ను, అంటే అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంక ముద్దను, దానితో వచ్చే ద్రవాన్ని వాడి తీసేయండి. దీన్నే సాకుగా తీసుకుని రబ్బింగ్, అంటే గరుకు పేస్టుతో రుద్ది మెరిపించడం, చేయించకండి. రబ్బింగ్ చేసిన ప్రతిసారీ మెరుపు వస్తుంది, క్లియర్ కోట్ కొంత పోతుంది. పోయింది తిరిగి రాదు.

4. పూత

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

మొదటి షరతు: బానెట్ చల్లగా ఉండాలి. చల్లగా అంటే ఇంటి గచ్చు మీద చేయి పెడితే ఎలా ఉంటుందో అలా. అరచేతితో చూడకండి, అరచేయి వేడికి అలవాటుపడి ఉంటుంది. చేతి వెనక వైపు ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టండి. కాస్త వెచ్చదనం తగిలినా పని మొదలుపెట్టవద్దు. మే నెలలో సాయంత్రం ఆరింటికి ఎండ పోయినా రేకు చల్లారదు. కారు నడిపి వస్తే కింద ఇంజిన్ గంటకు పైగా వేడి చిమ్ముతూనే ఉంటుంది. అందుకే నేను పెట్టుకున్న వేళ ఒకటే: రాత్రంతా నిలిపి ఉంచిన కారుకు, తెల్లవారి ఐదున్నరకు, నీడలో. సాయంత్రం పూత వేయనే కూడదు.

నా మొదటి కారు ముదురు నీలం. ఒక ఆదివారం ఉదయం పదింటికి, ఎండలోనే, రాసేశాను. పూత రాసిన చోట రాసినట్లే ఎండి బిగుసుకుపోయింది. తుడిస్తే రాలేదు, గట్టిగా రుద్దితే గీతలు పడ్డాయి. బానెట్ నిండా తెల్లటి చారలు. వాటిని వదిలించడానికి రెండు వారాలు పట్టింది, గీతలు మాత్రం కారు అమ్మేదాకా ఉండిపోయాయి.

రెండో షరతు: పలుచగా. మొత్తం బానెట్‌కు నాలుగు శనగగింజలంత సీలెంట్ చాలు. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవడం భ్రమ. రంగుకు అతుక్కునేది అడుగున ఉన్న సన్నటి పొర ఒక్కటే, మిగిలినదంతా మీరు తుడిచి పారేసేదే. బానెట్‌ను మనసులో నాలుగు భాగాలు చేసుకోండి. ఒక భాగం రాసి, ఆరనిచ్చి, తుడిచాకే రెండోది. మెత్తను గుండ్రంగా తిప్పకుండా ముందు నుంచి వెనక్కి తిన్నగా లాగండి. పొరపాటున గీత పడినా గాలి దారిలో కలిసిపోతుంది.

ఆరిందో లేదో గడియారం చెప్పదు. పూత మసకబారాక వేలితో చిన్న గీత గీయండి. గీత వెంట రంగు శుభ్రంగా, మెరుస్తూ కనిపిస్తే తుడవవచ్చు. వేలి వెంట పూత సాగి అలుక్కుపోతే ఇంకా ఆగాలి. తుడిచేటప్పుడు గుడ్డ బరువు తప్ప చేతి బరువు పడకూడదు. బానెట్ అంచుల దగ్గర, నిలువుగా పొంగిన మడతల మీద రంగు పొర సహజంగానే పలుచగా ఉంటుంది, అక్కడ ఒక్కసారి ఆనించి వదిలేయండి. వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్‌కు ముందే టేపు అంటించండి. అద్దం కడిగే నీటి రంధ్రాలు బానెట్ మీదే ఉంటే వాటికీ అంటించండి. రంధ్రంలోకి పూత పోతే సూదితో తీయలేక అవస్థపడతారు.

బానెట్‌కు కొత్తగా రంగు వేయించి ఉంటే రెండు నెలలు ఆగండి. షెడ్డులో వేసిన రంగులోని ద్రావకాలు ఇంకా బయటకు పోతూ ఉంటాయి, వాటిని పూతతో మూసేయకూడదు.

సీలెంట్‌కు బదులు కార్నౌబా మైనం రాయవద్దంటాను, ఎందుకో చెబుతాను. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే ఆ మైనం 82 డిగ్రీల దాకా కరగదు, మెరుపు కూడా గొప్పగా ఉంటుంది. కానీ మన ఎండలో నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల లాంటి చోట రోజూ అంత వేడి తింటే ఆ మైనం నెలన్నర నిలిస్తే గొప్ప. పాలిమర్ సీలెంట్ నాలుగు నెలలు ఉంటుంది.

5. తర్వాత

ఏ పూతా ఎండను పూర్తిగా ఆపదు. రెట్టలు, దుమ్ము, ఉప్పు నీళ్లు రంగుకు అంటుకోకుండా అడ్డుపడుతుందంతే. పక్షి రెట్టను కనిపించిన రోజే తీయాలి. ఎండకు వ్యాకోచించిన క్లియర్ కోట్ రాత్రి చల్లబడుతూ, గట్టిపడిన రెట్ట చుట్టూ కుంచించుకుని, దాని ఆకారాన్నే అచ్చు వేసుకుంటుంది. గీకకండి. తడి గుడ్డను దాని మీద పది నిమిషాలు పరచి ఉంచి, పైకి ఎత్తి తీయండి.

దసరాకు వాహన పూజ చేస్తే పసుపు, కుంకుమ బొట్లను నంబరు ప్లేటుకు పెట్టండి. హారతి పళ్లెం బానెట్ మీద కాకుండా నేల మీద ఉంచండి. బంతిపూల దండను ఆ సాయంత్రమే తీసేయండి. వాడి కుళ్లిన పూల రసం తెల్ల కారు మీద గోధుమరంగు మచ్చ వేస్తుంది.

మొదటి పూత శివరాత్రి వెళ్లిన వారంలో, రెండోది జూన్ చివర, మూడోది దసరాకు వారం ముందు. ఈలోగా నీళ్లు చల్లినప్పుడు గుండ్రటి బిందువులై జారకుండా పలుచగా పరుచుకుంటే, తేదీ కోసం చూడకుండా మర్నాడు తెల్లవారుజామునే మళ్లీ వేయండి.