పాత పోలరాయిడ్‌లో ఫిల్మ్ పెట్టే ముందు రోలర్లు తుడవండి

తీయగానే ఫొటో బయటికిచ్చే పాత పోలరాయిడ్ కెమెరా చేతికి రాగానే ఆత్రంగా ఫిల్మ్ పెట్టేయకండి, ముందు దాని తలుపు తెరిచి లోపలి రెండు రోలర్లు చూడండి. ఫొటో బయటికొచ్చేటప్పుడు అంచులో ఉన్న రసాయనాన్ని నొక్కి లోపలంతా సమంగా పరిచేది అవే. వాటి మీద ఎండిపోయిన రసాయనం చుక్క ఒక్కటి అంటుకుని ఉన్నా ప్రతి ఫొటోలోనూ ఒకే ఎడంలో మచ్చలు వరసగా పడతాయి, చాలామందేమో ఫిల్మే పాడైందనుకుంటారు. మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి, రోలర్లను తిప్పుకుంటూ తుడిచి ఆరనివ్వండి. ప్యాక్‌కి 8 ఫొటోలే కదా, ఒక్కటి పోయినా ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకోటి, మీది ఎస్ఎక్స్-70 అనే పోలరాయిడ్ మోడల్ అయితే దానికి 600 అనే రకం ఫిల్మ్ కొనకండి, ఎస్ఎక్స్-70 ఫిల్మ్ కంటే ఈ 600 ఫిల్మ్‌కి వెలుతురును పట్టే గుణం సుమారు 4 రెట్లు ఎక్కువ కాబట్టి ఫొటోలు తెల్లగా వెలిసిపోయినట్టు వస్తాయి. ఈ రెండు రకాల ఫిల్మ్‌ల్లోనూ కెమెరాని నడిపే బ్యాటరీ ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉంటుంది, అందుకే ఖాళీ కెమెరా పలకకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

ఫొటో రాగానే ఊపకండి. వెలుతురు తగలకుండా బోర్లా పెట్టేయండి, కలర్ ఫిల్మ్ అయితే బొమ్మ పూర్తిగా తేలడానికి 10-15 నిమిషాలు పడుతుంది.