బడి తెరిచే ముందురోజు చూసుకోవాల్సినవి

జూన్ 12న మన కాథలిక్ హైస్కూలు తెరుస్తున్నాం. సిస్టర్స్, మాస్టార్లు ముందురోజు సాయంత్రానికే ఇవి సరిచూసుకోండి.

అన్నిటికంటే ముందు గేటు. ఎదురుగా పంట కాలువ. డెల్టా కాలువలకు జూన్‌లోనే నీళ్లు వదులుతారు. వేసవంతా ఎండిన కాలువలో క్రికెట్ ఆడిన పిల్లలకు ఇప్పుడు లోతు తెలియదు. ఆటోలు గట్టు వైపు ఆపనివ్వొద్దు. బెల్లు కొట్టేదాకా ఒక మాస్టారు అక్కడే నిలబడాలి.

మంచినీళ్ల ట్యాంకు కడిగించారా? వానొస్తే ప్రార్థన వరండాలో.

హిందూ, ముస్లిం పిల్లలూ చేరుతున్నారు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. అడిగి రాయించుకోండి.

చదువురాని తల్లి వస్తే కుర్చీ వేసి, ఫారం మీరే నింపండి. టీసీ తేలేదని మొదటిరోజే ఎవరినీ వెనక్కి పంపొద్దు.