జబ్బు ఉందని పెన్షన్ రాదు, సదరం సర్టిఫికెట్ ఉండాలి

చాలామంది మందుల చీటీలు పట్టుకుని నేరుగా పెన్షన్ గురించి అడుగుతారు. ముందు కావాల్సింది సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. వార్డు సచివాలయంలోనో మీసేవలోనో ఆధార్‌తో ఆ పరీక్షకి స్లాట్ బుక్ చేసుకోండి. మెసేజ్‌లో ఏ ఆసుపత్రో సరిగ్గా చదవండి, ఎందుకంటే మన విశాఖలో కేజీహెచ్ మహారాణిపేటలో ఉంటే కంటి, చెవి, మానసిక ఆసుపత్రులు వాల్తేరు వైపు ఉన్నాయి, పొద్దున్నే పెద్దవాళ్లని ఆటోలో తిప్పడం మామూలు పని కాదు.

డాక్టర్ చూసేది జబ్బు పేరు కాదు, దానివల్ల శరీరం ఎంత పనిచేయడం లేదన్నది. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా వైకల్యాలే. ఒట్టి షుగర్, బీపీ ఆ జాబితాలో లేవు, కానీ షుగర్ వల్ల కాలు తీసేసినా చూపు పోయినా ఆ లెక్క వేరు.

ఫైల్‌లో పాత డిశ్చార్జ్ సమ్మరీలు, స్కాన్‌లు తేదీల వరసలో పెట్టండి, పైన ఒక కాగితం మీద "స్నానానికి మనిషి సాయం కావాలి, మెట్లు ఎక్కలేరు" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. డాక్టర్ దగ్గర మొహమాటపడి "పర్లేదండీ, బాగానే ఉన్నా" అనేస్తారు మనవాళ్లు, అదే కొంప ముంచుతుంది!

సర్టిఫికెట్ వచ్చాక పెన్షన్ దరఖాస్తు మళ్లీ సచివాలయంలోనే. 2024లో పెంచాక దివ్యాంగులకు నెలకు 6,000, డయాలసిస్ వాళ్లకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000 రూపాయలు. కుటుంబ ఆదాయం, కారు, కరెంటు వాడకం కూడా చూస్తారు. రైలు, బస్సు రాయితీల కోసం యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు) సంగతి కూడా అప్పుడే అడగండి.