ఉద్యోగం రాక డల్ అయిపోయిన వాళ్లకి తోడుగా ఉండటం ఎలా?

ఇంట్లో ఎవరికైనా చదువైపోయి ఉద్యోగం రాకపోతే మనవాళ్లు ఫస్ట్ చేసేది క్లాస్ పీకడం, తర్వాత మోటివేషన్ వీడియోలు ఫార్వర్డ్ చేయడం. ముందు ఈ రెండూ ఆపేయండి.

కావాల్సినవి ఓపిక, కాస్త టైమ్, సైలెంట్‌లో పెట్టిన ఫోన్. అంతే.

స్టెప్ 1: రోజుకి రెండు మూడు పనులకి టైమ్ ఫిక్స్ చేయండి. లేవడం, స్నానం, ఒకసారి బయటికెళ్లడం. టైమ్‌టేబుల్ యాప్‌లు వద్దు, అవి నాలుగో రోజుకే ఇంకో ఫెయిల్యూర్ అవుతాయి. "ఖాళీయేగా, ఏదో ఒకటి నేర్చుకోవచ్చుగా" అని మాత్రం అనకండి. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడితే మారీ యహోదా అనే సైకాలజిస్ట్ వాళ్ల టీమ్ వెళ్లి చూసింది, రోజంతా ఖాళీగా ఉన్నా జనం లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గించేశారు, మగవాళ్ల నడక కూడా స్లో అయిపోయింది. పని లేకపోతే జీతంతో పాటు రోజుకి ఉండే ఒక పద్ధతి, నలుగురిలో కలవడం, నేనూ పనికొస్తాననే ఫీలింగ్ కూడా పోతాయి మరి.

స్టెప్ 2: మాట్లాడటం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగకూడదు, అది ఇంకో ఇంటర్వ్యూలా ఉంటుంది. పక్కపక్కన నడుస్తూనే మాట్లాడాలి, నేనైతే ఇంకో పద్ధతి ఒప్పుకోను. చుట్టాల ముందు అస్సలు వద్దు. "ఏమైంది, ఏమన్నా వచ్చిందా?" అనే ప్రశ్న వాళ్లు రోజూ తమని తాము వందసార్లు వేసుకుంటారు, మీరు కూడా వేయక్కర్లేదు. "ఈమధ్య నిద్ర సరిగ్గా పడుతోందా?" అనండి, దానికైతే జవాబు చెప్తారు. చెప్పాక వెంటనే సలహా ఇవ్వకండి, "ఫలానా వాళ్లబ్బాయి" అని మొదలుపెట్టారో, ఇంక ఆరు నెలలు నోరు విప్పరు. సైలెన్స్ వస్తే రానివ్వండి, దాన్ని జోకులతో నింపకండి.

"నేను భారం అయిపోయా", "నేను లేకపోతేనే బాగుంటుంది" లాంటి మాట వస్తే దాటేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు చాలామంది, అలా ఏం జరగదు, అడిగినందుకు చాలామందికి బరువు దిగినట్టుంటుంది. అవును అంటే అరవకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి, మందులు గట్రా అందకుండా తీసేసి అదే రోజు డాక్టర్ దగ్గరికో హెల్ప్‌లైన్‌కో మీరే తోడుండి కనెక్ట్ చేయండి.

స్టెప్ 3: ఆ మాట రాకపోయినా, రెండు వారాలకి మించి దాదాపు రోజూ దిగులుగానే ఉంటూ, ఇష్టమైనవి కూడా పట్టించుకోకుండా, నిద్రా తిండీ తప్పుతుంటే డాక్టర్‌కి చూపించండి. అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి, ఆ ఫోన్ చేసే ఓపిక కూడా వాళ్లకి ఉండదు.

స్టెప్ 4: అప్లికేషన్ల పని పొద్దున ఒక గంట రెండు గంటలు, ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూసేయాలి. రిజెక్షన్ మెయిల్ వచ్చిన రోజు ఆ టాపిక్ మీరు ఎత్తొద్దు, వాళ్లు ఎత్తితే వినండి. ఉద్యోగం వచ్చాక కూడా కొన్నాళ్లు నిద్ర గురించి అడుగుతూ ఉండండి.