పాత మైక్రోమొజాయిక్ నగను చూసి పోల్చుకోవడం ఎలా?

బొటనవేలి గోరంత చోటులో ఒక పావురం. పళ్లెం అంచున కూర్చుని, మెడ వంచి నీళ్లు తాగుతుంటుంది. ఉత్త కంటితో చూస్తే ఎవరో సన్నని కుంచెతో వేసిన బొమ్మే అనుకుంటాం. భూతద్దం పెట్టి చూడండి. పెయింట్ అన్నది ఎక్కడా లేదు. మెడ మీది నీలం, బూడిద, గులాబీ రంగులన్నీ విడివిడి గాజు ముక్కలు! ఇలా చేసిన నగలే మైక్రోమొజాయిక్ నగలు. విదేశీ పాతసామాన్ల సంతల్లో, ఆన్‌లైన్ వేలాల్లో ఇవి దొరుకుతాయి. కొనేముందు ఏం చూడాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. ముందు దాని పుట్టుక తెలుసుకోండి

ఈ పని రోమ్‌ది. సెయింట్ పీటర్స్ చర్చిలో చెమ్మకు పెయింటింగులు పాడవుతుంటే, వాటి స్థానంలో మొజాయిక్ నకళ్లు, అంటే చిన్న ముక్కలు పేర్చి చేసిన బొమ్మలు పెట్టారు. అందుకోసం 1727లో వాటికన్ ఒక కార్ఖానాను స్థిరంగా ఏర్పాటు చేసింది. అక్కడివాళ్ల కోసం అలెస్సియో మత్తియోలి అనే ఆయన మెరుపు లేని గాజును లెక్కలేనన్ని ఛాయల్లో తయారుచేశాడు. మెరుపు లేకపోవడమే దాని గొప్పతనం. అందుకే దూరం నుంచి అచ్చం పెయింటింగులా కనిపిస్తుంది.

చర్చి పని తగ్గేసరికి పనివాళ్లు చిన్న వస్తువుల మీద పడ్డారు. గాజును మంటలో కరిగించి, తీగపాకం సాగినట్టు సన్నగా లాగేవారు. ఆ తీగను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, పట్కారుతో ఒక్కొక్కటే నిలబెట్టి గుచ్చేవారు. కింద పరిచేది అవిసె నూనె కలిపిన లప్పం. అది నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి తొందరపడే పని లేదు. జాకోమో రఫాయెల్లి 1775లో రోమ్‌లో ఇలాంటి చిన్న మొజాయిక్‌లను ప్రదర్శనకు పెట్టాడు.

కొన్నది ఎక్కువగా యూరప్ చూడ్డానికి వచ్చిన ధనవంతులు, ముఖ్యంగా ఇంగ్లండ్ వాళ్లు. అప్పటికి కెమెరాలు లేవు కదా, చూసిన కొలోసియంను, అంటే రోమ్‌లోని పురాతన క్రీడాశాలను, బట్టకు గుచ్చుకునే బ్రోచ్‌గా ఇంటికి తెచ్చుకునేవారు. మొదట చెప్పిన పావురం బొమ్మకు మూలం కూడా అలాంటి ఒక వింతే. 1737లో రోమ్‌కు దగ్గర్లోని టివోలి ఊరి దగ్గర హేడ్రియన్ చక్రవర్తి విల్లాలో బయటపడిన పురాతన మొజాయిక్ అది. నెపోలియన్ రెండో భార్య మరీ లూయీజ్‌కు 1810లో చేయించిన మొజాయిక్ నగల సెట్టు ఇప్పటికీ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

2. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం పట్టండి

కంసాలి కంటికి పెట్టుకునేది చాలు. అసలు పరీక్ష ఇదే, కాబట్టి ఇక్కడ హడావుడి వద్దు. మేలైన పనిలో చదరపు అంగుళానికి 1,400కు మించి ముక్కలుంటాయి. లెక్కపెట్టక్కర్లేదు గానీ ముక్కల ఆకారం చూడండి. మంచి పనివాడు అన్నీ చదరంగా పెట్టడు. రెక్క దగ్గర వంపు ముక్కలు, కుక్కపిల్ల బొచ్చు దగ్గర పొడవాటివి వాడతాడు. 19వ శతాబ్దం మొదట్లో ఆంటోనియో అగువాట్టి పేరు మీద వచ్చిన పద్ధతిలో ఒకే గాజు తీగలో రెండు మూడు ఛాయలు కలిసి ఉంటాయి. అలాంటి ముక్క ఒక్కటి కనిపించినా నాకైతే ఆ నగ మీద గౌరవం పెరిగిపోతుంది.

ముక్కలు పెద్దవిగా, మధ్య సందులు తెలిసిపోతూ, ఇత్తడి చట్రంలో పూలగుత్తి ఉంటే అది చాలామటుకు 20వ శతాబ్దపు టూరిస్టు సరుకు. వెనక ‘ఇటలీ’ అని ముద్ర ఉంటే ఇక అనుమానమే లేదు. ముచ్చటగా ఉంటే కొనుక్కోండి, పాత నగ ధర మాత్రం ఇవ్వకండి.

3. వెలుతురులో ఏటవాలుగా తిప్పండి

బొమ్మ పూర్తయ్యాక పైభాగాన్ని అరగదీసి, సందుల్లో రంగు మైనం నింపి, మెరుగుపెట్టేవారు. అందుకే మంచి పాత నగ వేలికి నున్నగా తగులుతుంది. ఒకచోట మాత్రం వేరుగా మెరుస్తుంటే, రాలిన ముక్కల చోట ఎవరో పెయింట్ పూశారేమో చూడండి.

4. వెనక్కి తిప్పండి

రోమ్ పోప్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, అంటే 1870కి ముందు, అక్కడి బంగారం మీద కిరీటం, అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవుల ముద్ర వేసేవారు. అది లేనంత మాత్రాన నగ నకిలీ కాదు. చాలామంది బొమ్మ బిళ్లను మాత్రమే కొని, సొంత ఊళ్లో బంగారం కట్టించుకున్నారు. కాబట్టి బిళ్ల వయసు, చట్రం వయసు విడివిడిగా చూడాలి.

5. ఫ్లోరెన్స్ పనితో కలపకండి

ఫ్లోరెన్స్ ఇటలీలోనే మరో ఊరు. అక్కడిది గాజు కాదు, పలకరాళ్ల పని. ఒక్కో రేకకు ఒక్కో రంగురాయి కోసి, ఎక్కువగా నల్లరాయిలో పొదుగుతారు. తాజ్‌మహల్ గోడల మీది పూలు చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది.

6. కొన్నాక నీళ్లు తగలనివ్వకండి

మన బంగారు గాజుల్లా కుంకుడు రసంలో వేసి రుద్దకూడదు. షాపులోని క్లీనింగ్ మెషీన్‌లో అసలే వేయనివ్వకండి. లోపలున్నది పాత లప్పం, మైనం. తడికీ అదురుకీ పట్టు వదిలేస్తాయి. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ముక్క రాలితే సొంతంగా జిగురు పెట్టకండి. తెల్లకాగితంలో పొట్లం కట్టి, నగతో పాటే దాచండి. బాగుచేసేవాళ్లకు అదే రంగు గాజు మళ్లీ దొరకడం చాలా కష్టం.