కాన్పుకు సిద్ధమవుదాం – 5వ పాఠం: ముక్కడం ఎప్పుడు, ఎలా, ఎప్పుడు ఆపాలి

పోయిన పాఠంలో నొప్పికీ నొప్పికీ మధ్య ఒళ్లు వదిలేసి విశ్రాంతి తీసుకోవడం నేర్చుకున్నాం. అది ఇంకా అలవాటు కాకపోతే ఇంకొన్ని రోజులు అదే చెయ్యండి, ఆ తర్వాతే ఇది చదవండి. ముక్కే దశలో సగం పని ఆ విశ్రాంతి మీదే నడుస్తుంది.

గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా సాగేది కాన్పులో రెండో దశ. అందరికీ ఎక్కువ టెన్షన్ దీని గురించే. కానీ కన్న తల్లుల్లో చాలామంది, అప్పటిదాకా భరించడం తప్ప ఇంకేం చేతిలో లేదు, ఇప్పుడు చెయ్యడానికి ఒక పని దొరికింది అని చెబుతారు. ఆ పని ఎలా చెయ్యాలో, ముఖ్యంగా ఎప్పుడు చెయ్యకూడదో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోండి. "ఫుల్ అయింది" అని చెప్పగానే ముక్కాలనిపించకపోవచ్చు. కొందరికి నొప్పులు కాస్త నెమ్మదిస్తాయి, పది పదిహేను నిమిషాలు దాదాపు ఏమీ లేనట్టే ఉంటుంది, కునుకు కూడా పట్టొచ్చు. ఏదో ఆగిపోయిందని కంగారు పడకండి. బిడ్డ గుండె చప్పుడు బాగుంటే ఆ సమయం మీకు దొరికిన విశ్రాంతి. రెండు గుక్కలు నీళ్లు తాగండి, తాగొచ్చో లేదో అక్కడివాళ్లను అడిగి. మూత్రానికి వెళ్లండి కూడా, నిండిన మూత్రాశయం బిడ్డ తల దిగడానికి అడ్డం పడుతుంది.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు సంగతి. బిడ్డ తల కిందికి దిగి అక్కడి కండరాలను సాగదీసినప్పుడు ఆ కబురు మెదడుకి చేరి ఆక్సిటోసిన్ అనే, నొప్పులు తెప్పించే హార్మోన్ ఇంకా ఎక్కువగా విడుదలవుతుంది, దాంతో గర్భసంచి మరింత గట్టిగా బిగుసుకుంటుంది. 1941లో దీన్ని వివరించిన శాస్త్రవేత్త పేరు మీదే ఫెర్గూసన్ రిఫ్లెక్స్ అంటారు. లోపల జరిగేది అదైతే మీకు తెలిసేది మాత్రం ఒక్కటే: అర్జెంటుగా విరేచనానికి వెళ్లాలి అనిపించడం. ఆపుకోలేనంత గట్టిగా. గొంతులోంచి మీకు తెలియకుండానే మూలుగు వస్తుంది, పొట్ట దానంతట అదే కిందికి నెడుతుంది, కాళ్లు వణకొచ్చు, వాంతి కూడా రావొచ్చు. అలా అనిపించగానే చెప్పండి, సిగ్గుపడి ఆపుకోకండి. ముఖద్వారం ఇంకా పూర్తిగా తెరుచుకోలేదని తేలితే కాసేపు ముక్కకుండా ఉండమంటారు, అప్పుడు నోరు తెరిచి హా హా హా అని చిన్న చిన్న ఊపిరులు వదులుతూ ఆ నొప్పిని దాటించాలి. దీన్ని కింద సాధన చేద్దాం, ఎందుకంటే ఇదే ఊపిరి చివర్లో మళ్లీ కావాలి.

ఇక ముక్కడం. చాలామంది ముఖంతో ముక్కుతారు. బుగ్గలు పూరించి, కళ్లు గట్టిగా మూసుకుని, దవడలు బిగించి, బలమంతా మెడ దగ్గరే ఖర్చు పెట్టేస్తారు. కాన్పు అయ్యాక కళ్లలో ఎర్ర మచ్చలు, ముఖం మీద చిన్న చిన్న చుక్కలు కనిపించేది ఎక్కువగా ఇందుకే. మలబద్ధకం ఉన్నప్పుడు ఎక్కడ ఒత్తిడి పెడతారో బలం అక్కడికి వెళ్లాలి. గడ్డం కాస్త గుండెల వైపు వంచి, భుజాలు కిందికి వదిలి, దవడ వదులుగా ఉంచి, నొప్పి పెరుగుతున్నప్పుడు ఒక పెద్ద ఊపిరి తీసుకోండి. ముక్కాలనిపించినప్పుడు ముక్కండి, ఐదారు సెకన్లు, మళ్లీ ఊపిరి, మళ్లీ ముక్కడం. ఒక్కో నొప్పి ఒక నిమిషం నుంచి నిమిషన్నర ఉంటుంది, అందులో మూడు నాలుగు సార్లు వీలవుతుంది. నొప్పి తగ్గగానే పూర్తిగా ఆపేసి తల వెనక్కి వాల్చేయండి. నొప్పి లేనప్పుడు ముక్కితే అలసట తప్ప ఏమీ మిగలదు.

ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేదాకా ముక్కమని అనేవాళ్లు ఉంటారు. ఒంటికి దానంతట అదే ముక్కాలనిపిస్తుంటే అలా బలవంతంగా బిగబట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు కూడా తల్లి తనకు అనిపించినట్టు ముక్కడాన్నే ప్రోత్సహించమంటాయి. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మందు, తీసుకుంటే సంగతి వేరు. ఆ ఒత్తిడి మీకు సరిగ్గా తెలియకపోవచ్చు, కాబట్టి నొప్పి వస్తోందని పక్కనున్నవాళ్లు చెప్పినప్పుడు ముక్కాల్సి ఉంటుంది, లేదా బిడ్డ ఇంకాస్త దిగేదాకా ఆగమంటారు. ఇక పొట్ట మీద చేతులతో గట్టిగా నొక్కి బిడ్డను కిందికి తోయడం మాత్రం వద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ముక్క మీతో ఉండబోయే మనిషికి ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో మీరు వాదించే స్థితిలో ఉండరు.

వెల్లకిలా పడుకునే కనాలని రూలేమీ లేదు. పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎవరైనా పట్టుకోవచ్చు, మోకాళ్లూ చేతుల మీద ఉండొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. ఈ భంగిమల్లో వెన్ను చివరి ఎముక మంచానికి ఆనదు కాబట్టి అది కాస్త వెనక్కి జరిగి బిడ్డకు చోటిస్తుంది. ముక్కేటప్పుడు కొంచెం విరేచనం అయితే అవుతుంది. దారిలోకి వచ్చిన తల పెద్దపేగును నొక్కుతుంది మరి. పక్కనున్న నర్సు తుడిచేసి తన పని తాను చూసుకుంటుంది, మీకు తెలియను కూడా తెలియదు. నిజానికి సరైన చోట ముక్కుతున్నారనడానికి అదొక గుర్తు.

మొదటి కాన్పైతే ఈ దశ మూడు గంటల దాకా పట్టొచ్చు, తర్వాతి కాన్పుల్లో సాధారణంగా రెండు గంటల లోపే. మధ్యలో బిడ్డ గుండె చప్పుడు తరచూ చూస్తుంటారు. తల కనిపించిందంటారు, నొప్పి తగ్గగానే లోపలికి జారిపోతుంది, మళ్లీ నొప్పికి కనిపిస్తుంది. ఇంత కష్టపడి ముక్కితే వెనక్కి పోయిందే అని ఏడుపొస్తుంది. ఆ ముందుకూ వెనక్కీ జరగడంలోనే చర్మం కొంచెం కొంచెంగా సాగుతోంది. బిడ్డ అలసిపోతున్నా, మీకు ఓపిక అయిపోయినా బిడ్డ తలను పట్టి బయటికి తెచ్చే వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో సాయం చేస్తారు, అవసరమైతే సిజేరియన్ చేస్తారు. అందులో మీరు సరిగ్గా ముక్కలేదన్న మాటే రాదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. తల వెనక్కి జారకుండా అక్కడే నిలబడిపోయినప్పుడు చుట్టూ నిప్పు పెట్టినట్టు మంట పుడుతుంది. ఒక్క ఊపున తోసేసి బయటపడాలనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ఆపాలి. "ముక్కొద్దు, ఊపిరి వదులు" అని వినపడగానే నోరు తెరిచి హా హా హా. తల నెమ్మదిగా వస్తే చర్మం చిరిగే ప్రమాదం తగ్గుతుంది. గోరువెచ్చని తడిబట్ట అక్కడ ఆనించి ఉంచినా పెద్ద చిరుగులు తగ్గుతాయి, అడగండి. దారి వెడల్పు చెయ్యడానికి అక్కడ పెట్టే కోత కూడా అందరికీ అలవాటుగా పెట్టాల్సింది కాదు, అవసరమైతేనే. మంట చాలాసేపు ఉండదు, చర్మం పూర్తిగా సాగాక కొందరికి అక్కడ మొద్దుబారినట్టు కూడా ఉంటుంది.

తల వచ్చాక బిడ్డ దానంతట అదే పక్కకు తిరుగుతుంది, భుజాలు సర్దుకోవడానికి. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఉంటే చాలాసార్లు వేలితో తప్పించేస్తారు. ఇది చాలా మామూలు, ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో కనిపిస్తుంది. తర్వాతి నొప్పికి భుజాలు, ఆ వెంటనే ఒళ్లంతా. బిడ్డ బాగుంటే నేరుగా మీ గుండెల మీద పెట్టమని ముందే చెప్పి ఉంచండి.

ఈ వారం సాధన. ఇంట్లో నిజంగా గట్టిగా ముక్కకండి, అది ఇప్పుడు వద్దు. కుర్చీలో కూర్చుని పళ్లు గట్టిగా కరిచి పట్టుకోండి, కింద కండరాలు కూడా బిగుసుకోవడం చాలామందికి తెలుస్తుంది. ఇప్పుడు దవడ వదిలేసి లోగొంతుతో ఊ... అని పొడుగ్గా అనండి, కింద వదులవుతుంది. రోజూ ఐదారు సార్లు చాలు. తర్వాత పక్కకు తిరిగి పడుకుని, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి ఊ అంటూ ఉండండి, మీతో ఉండబోయే మనిషిని ఎప్పుడంటే అప్పుడు "ఆపు" అనమనండి. ఆ మాట వినగానే ఊ మానేసి హా హా హాకి మారాలి. ఆలోచించకుండా మారగలిగేదాకా చెయ్యండి, ఇద్దరూ కలిసే.

వచ్చే పాఠం మాయ పడటం గురించి. బిడ్డ వచ్చాక కూడా ఆ పని మిగిలే ఉంటుంది, రక్తస్రావం మీద కన్నేసి ఉంచాల్సింది అప్పుడే.